తుమ్మెదరాయి దుర్గంలో తలుపు లేని దిడ్డి

పూర్వం పినాకినీ నదికి పడమట, గుండ్రాళ్లూ ముళ్లకంపలూ తప్ప మరో పంటను దైవం ధారాళంగా ఇవ్వని సీమలో, తుమ్మెదరాయి అనే గిరిదుర్గాన్ని రాజధానిగా చేసుకుని ఇమ్మడి కదిరప్ప నాయనివారు అనే పాళెగారు ఇరవైనాలుగు గ్రామాలను పరిపాలిస్తూ ఉండేవారు. కొండ కొమ్మున లోయలోకి వేలాడుతున్న పెద్దబండకు ఏటేటా తేనెపట్లు పట్టేవి గనుక దానికి తుమ్మెదరాయి అనే పేరు వచ్చిందంటారు. తేనెటీగలు పట్టిన బండకు తుమ్మెదల పేరు ఎందుకు పెట్టారని అడిగితే మా పెద్దలు కోప్పడేవారు, కాబట్టి మేమూ ఆ సంగతి జోలికి పోవడం లేదు.

ఆ దుర్గానికి తూర్పున ఏనుగులు ఢీకొన్నా చలించని ఇనుపగుబ్బల పెద్దవాకిలీ, ఉత్తరాన రెండు గుండ్ల నడుమ మరుగున ఒక దిడ్డీ ఉండేవి. దిడ్డి అంటే కోటకు ఉండే చిన్నవాకిలి. పెద్దతలుపులోనే ఒక మనిషి పట్టేంత తలుపు అమర్చినా దిడ్డి అంటారు, గోడలో ఎవరికీ కనబడకుండా విడిగా పెట్టినా దిడ్డి అంటారు. పెద్దవాకిలి గుండా పల్లకీలు, ఏనుగులు, పెళ్లి ఊరేగింపులు వస్తాయి. దిడ్డి గుండా మంచినీళ్లు, వేగులు, మంత్రసానులు వస్తారు. ఎంతటివాడైనా నడుము వంచి తల ముందుకు పెట్టి దూరవలసిందే గనుక, లోపల ఒక్క కావలివాడు కత్తి పట్టుకుని నిలబడితే చాలు, వందమంది దండును ఒక్కొక్క తలగా ఆపగలడు. కోట గొప్పంతా పెద్దవాకిలిలోనూ, ప్రాణమంతా దిడ్డిలోనూ ఉంటుందని ఆ కాలపువారు ఊరికే అనలేదు.

ఆ దిడ్డికి నాలుగు తరాలుగా కావలి కాసిన బోయవారి వంశంలో తిప్పన్న అనేవాడు ఉండేవాడు. కదిరప్ప నాయనివారు పెద్దవాకిలి దగ్గర నూరుమందిని పెట్టి, దిడ్డి దగ్గర తిప్పన్న ఒక్కణ్ని పెట్టి నిశ్చింతగా నిద్రపోయేవారంటే అతని నిష్ఠ ఎటువంటిదో ఊహించుకోవచ్చు. అతని భార్య పసిబిడ్డను చేతిలో పెట్టి కన్నుమూసింది. కావలి వదిలి ఇంటికి పోవడానికి వీలులేని ఆ తండ్రి ద్వారబంధపు కొక్కేనికే ఉయ్యాల కట్టి, తలుపు పక్కనే బిడ్డను పెంచాడు. ఆమె పేరు మారెక్క. చండ్రమానుతో చేసిన అడ్డగడియను పట్టుకుని నిలబడడం నేర్చింది, దాని మీదనే నిద్రపోయింది, పదహారేళ్లు వచ్చేసరికి తండ్రితో సమానంగా ఆ గడియను ఎత్తి దించగలిగింది. ఆ బిడ్డంటే తిప్పన్నకు ఎంత ప్రాణమో నోరు తెరిచి ఎన్నడూ చెప్పలేదు. మొరటు మనిషి, చెప్పడం చేతకాలేదు.

ఆ రోజుల్లో పొరుగు పాళెగారికీ కదిరప్ప నాయనివారికీ ఎల్లల మీద పడిన ఒక అడవిపంది గురించి తగువు వచ్చింది. బల్లెం దెబ్బ ఒకరిదట, పంది కూలిన నేల మరొకరిదట. మాంసం ఎవరు తిన్నారో ఏ కథలోనూ లేదు గాని, వైశాఖమాసపు ఎండల్లో పొరుగువారి దండు మూడువేల మందితో వచ్చి తుమ్మెదరాయిని చుట్టుముట్టింది. పెద్దలు పంతానికి పోతే పేదల గొంతులు ఎండుతాయి. పదిహేను దినాలు గడిచేసరికి కొండమీది దొనల్లో నిలిచిన వాననీళ్లు అడుగంటి, కోటలో ఉన్న మూడువందల ప్రాణాలకు ఉత్తరపు లోయలోని ఒక చిన్న చెలమ తప్ప మరో నీటిచుక్క లేకుండా పోయింది.

చెలమకు దారి దిడ్డి గుండానే. ఎండకు తాళలేక శత్రువులు చెట్ల కింద ఒరిగే మిట్టమధ్యాహ్నపు వేళ, ఏడుగురు ఆడవాళ్లు కడవలతో దిగి, చెలమలో ఊరిన నీటిని ముంతతో తోడుకుని, కాలే బండల మీద చప్పుడు లేకుండా ఎక్కి వచ్చేవారు. ఏడుగురిలో ఆఖరున నడిచేది మారెక్క. కావలివాడి కూతురు గనుక ముందు లోపలికి దూరిందనే మాట రాకూడదని తానే ఆ వరస పెట్టుకుంది.

వాళ్లు తిరిగి రావడానికి తిప్పన్న ఒక కట్టడి చేశాడు. అంతకు పదేళ్ల క్రితం తూర్పుసీమలో ఒక గుట్టకోటను ముట్టడించినవారు, నీళ్లకు వచ్చిన ఒక పిల్లను పట్టుకుని, మెడమీద కత్తిపెట్టి, తలుపు తీయమని ఆమె చేతనే పిలిపించారు. లోపలివాళ్లు గొంతు గుర్తుపట్టి తీశారు. మర్నాటికి ఆ గుట్టమీద పొయ్యి వెలిగించడానికి మనిషి మిగల్లేదు. ఆ కథ విన్నప్పటినుంచి గొంతును నమ్మడం తిప్పన్న మానేశాడు. దిడ్డి పక్క గుండులో రొమ్ము ఎత్తున మూరెడు మందాన తొలిచిన జానెడు కన్నం ఒకటి ఉండేది. బయట ఎదురుగా మరో గుండు అడ్డం ఉండడం వల్ల అందులోంచి చూస్తే రాయి తప్ప ఏమీ కనబడదు. వచ్చిన ఆడమనిషి ఆ కన్నానికి కడవమూతిని ఆనించాలి. లోపలినుంచి తిప్పన్న చెయ్యిచాచి నీళ్లు తాకాలి. వేళ్లు తడిస్తే గడియ తీస్తాడు, ఆమె లోపలికి రాగానే మళ్లీ వేస్తాడు, తర్వాతి కడవ కోసం మళ్లీ చెయ్యి చాస్తాడు.

పట్టుబడినవాళ్లు ఏం చేయాలో కూడా అతనే చెప్పాడు. ఏడుగురినీ కూర్చోబెట్టి, కూతురి వంకే చూస్తూ ఇలా అన్నాడు.

"కత్తి మెడమీదికొస్తే మీరు ఏమైనా మాట్లాడతారు, అది మీ తప్పుగాదు. అందుకే మిమ్మల్ని పట్టుకున్న ఎంటనే కడవ పగలగొట్టండి. కడవ లేకుండా వచ్చినోళ్లకి తలుపు లేదు. నా కూతురైనా సరే."

ఆ ఆఖరి మాట అననక్కర్లేదు. తన నిష్ఠ ఎంతటిదో నలుగురి ముందూ చూపించుకోవాలని ఏ మనిషికైనా ఒక్క క్షణం ఉంటుంది, ఆ క్షణం తిప్పన్నకు ఆ రోజు వచ్చింది. మారెక్క తల ఊపింది. తండ్రి చెప్పినదానికి ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

ముట్టడి మొదలైన పందొమ్మిదో నాడు మధ్యాహ్నం కడవలు ఒకటొకటిగా వచ్చాయి. తిప్పన్న ఆరుసార్లు చెయ్యి తడుపుకున్నాడు, ఆరుసార్లు గడియ తీసి వేశాడు. ఏడో కడవ కోసం చెయ్యి చాచబోతుండగా, బయట మలుపు దగ్గర కుండ పగిలిన చప్పుడు వినబడింది.

లోపలున్న ఆరుగురూ కొయ్యబారిపోయారు. కొద్దిసేపటికి తలుపుమీద చెయ్యి తట్టింది. "నాయనా, కాలు జారింది. కడవ పోయింది. ఎనకాల ఎవురూ లేరు, తియ్యి" అని మారెక్క గొంతు పలికింది. మెడమీద కత్తి ఉన్నదానిచేత ఎవరైనా సరిగ్గా ఆ మాటలే పలికిస్తారని తిప్పన్నకు తెలుసు. అబద్ధంగా చెప్పించదగిన మాటే నిజమై వస్తే మనిషికి దిక్కేది? ఆరోదిగా లోపలికి వచ్చిన సంజమ్మ అనే నడివయసు స్త్రీ అతని కాళ్లు పట్టుకుని, పిల్ల తన వెనకే వచ్చిందనీ, దారిలో పురుగు కూడా లేదనీ, తీయమనీ ప్రాధేయపడింది. వెనక్కి తిరిగి చూశావా అని తిప్పన్న గుసగుసగా అడిగాడు. నెత్తిన నిండుకడవ ఉన్నవాళ్లు వెనక్కి ఎట్లా చూస్తారు? సంజమ్మ తలుపుకేసి తల బాదుకుంది.

తిప్పన్న అడ్డగడియకు వీపు ఆనించి నిలబడ్డాడు. తీస్తే మూడువందల ప్రాణాలు, తీయకపోతే ఒక్కటి. లెక్కగా చూస్తే చిన్నదే. ఆ ఒక్కటీ తన ఇంట్లో పుట్టినప్పుడు ఏ లెక్కా మనిషిని నిలబెట్టదని అతనికి అప్పుడు తెలిసింది.

అంతలో గుండులోని కన్నం నుంచి, కడవమూతికి బదులుగా, ఒక చెయ్యి లోపలికి వచ్చింది. ఒలికిన నీళ్లకు తడిసి ఉంది. మణికట్టుమీద చిన్నప్పుడు తానే సంతలో పొడిపించిన తేలు పచ్చబొట్టు ఉంది. ఆ చెయ్యి గాలిలో వేళ్లు చాచి తడుముకుంటూ, పట్టుకునే చేతికోసం వెతికింది. తిప్పన్న ఆ చేతిని చూశాడు. పట్టుకుంటే తలుపు తీయకుండా ఉండలేనని భయపడి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

వేళ్లు కాసేపు వెతికి ఆగిపోయాయి. బయటినుంచి ఆమె మెల్లగా అంది.

"సరేలే నాయనా, తియ్యొద్దు. కడవ పగిలింది గదా, నీకెట్లా తెలుస్తుంది? ఎవురో కొమ్ము ఊదినారు. నేనీడుంటే దిడ్డి తెలిసిపోతాది. పోతా."

చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది. కన్నం అంచున రాతిమీద తడి మిగిలింది.

తియ్యొద్దు అనే మాటను ఏ శత్రువూ చెప్పించడు. ఆ సంగతి బుర్రకు ఎక్కగానే తిప్పన్న గిర్రున గడియ వైపు తిరిగాడు. ఆరుసార్లు అతను ఒక్కడే ఎత్తిన అడ్డగడియకు ఇప్పుడు అందరూ ఒక్కసారిగా చేతులు వేశారు. సంజమ్మ, తక్కిన ఆడవాళ్లు తలో వైపు లాగేసరికి గడియ వంకరగా బిగుసుకుని వాటంగా రాలేదు. ఎట్టకేలకు తీసి వంగి బయటికి వచ్చి చూస్తే కడవపెంకులు, ఇంకుతున్న నీళ్లు తప్ప ఎవరూ లేరు. అతను గుండు మలుపు దాటి చూశాడు. ఎర్రచీర కట్టిన మారెక్క దిడ్డికి దూరంగా, తూర్పు వైపున, చెట్టూ చాటూ లేని నున్నటి బండమీద అందరికీ కనబడేటట్లు నడిచిపోతూ ఉంది. కింద పొదల్లోంచి పదిపన్నెండుమంది ఆమెను చూసి కేకలు వేస్తూ ఎక్కుతున్నారు. వాళ్లు తనను చూశారని తెలుసుకున్నాకనే ఆమె పరుగెత్తింది. ఆ దిక్కున తుమ్మెదరాయి తప్ప మరేమీ లేదు, దాని తర్వాత లోయ.

ఒక్క కేకవేస్తే ఆమె వెనక్కి తిరిగి చూసేది. ఆ కేకతో పదిపన్నెండు తలలూ దిడ్డి వైపు తిరిగేవి. తిప్పన్న నోరు తెరిచి, చేత్తో మూసుకుని, వంగి లోపలికి దూరి, గడియ మళ్లీ వేశాడు. ఈసారి అనుమానంతో కాదు, అన్నీ తెలిసి వేశాడు. బండ అంచున ఏమైందో అతను చూడలేదు. తేనెటీగలన్నీ ఒక్కసారిగా లేచిన హోరును మాత్రం కోటలో ఉన్న ప్రతివారూ విన్నారు.

ఇంతటి ఘోరం ఒక ఫలితం కోసమైనా జరిగిందని చెప్పుకుంటే మనసుకు కాస్త ఊరట ఉండేది. దైవం ఆ మాత్రం కూడా మిగల్చలేదు. నాలుగో నాడు ఉభయపక్షాల బంధువులు ఎవరో మధ్యవర్తులుగా వచ్చి, పంది గురించిన మాట మరిచిపోవాలనీ, కదిరప్ప నాయనివారి తమ్ముడికి పొరుగువారి పిల్లను ఇచ్చి వియ్యమందుకోవాలనీ నిర్ణయించారు. మంగళవాద్యాలతో పెద్దవాకిలి బార్లా తెరిచారు. ఏ దండునైతే మూడువారాలు ఆపారో ఆ దండే పన్నీటి చిలకరింపుల మధ్య లోపలికి వచ్చి పంక్తుల్లో కూర్చుని భోజనం చేసింది. విస్తళ్ల పక్కన వాళ్లకు పెట్టిన మొదటి ముంతల నీళ్లు ఉత్తరపు చెలమవే.

కదిరప్ప నాయనివారు మంచివారే. తిప్పన్న నిష్ఠను సభలో కొనియాడి, బంగారు కడియం పట్టుకుని స్వయంగా దిడ్డి దగ్గరికి వచ్చారు. వచ్చేసరికి దిడ్డికి తలుపు లేదు. తిప్పన్న కీలుగుంటల్లోంచి తలుపును ఊడబెరికి, అడ్డగడియతో సహా లోయలోకి తోసి, ఖాళీగా ఉన్న ద్వారంలో కూర్చుని ఉన్నాడు. తలుపు ఏదిరా అని నాయనివారు అడిగారు.

"పెద్దవాకిలే తెరిచినాక దిడ్డికి తలుపెందుకు దొరా" అన్నాడు తిప్పన్న.

ఆ మాటకు శిరశ్ఛేదం చేయవచ్చు. నాయనివారు తలవంచుకుని, కడియాన్ని గడపమీద పెట్టి వెళ్లిపోయారు. దాన్ని ఎవరు తీసుకున్నారో తెలియదు, తిప్పన్న మాత్రం ముట్టలేదు.

అతను ఆ తర్వాత ఇరవై రెండేళ్లు బతికాడు. తినడం, నిద్రపోవడం అన్నీ ఆ గడపమీదనే. ప్రతి మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చే వేళకు లేచి, గుండులోని కన్నంలోనుంచి చెయ్యి బయటికి చాచి, నీడ తిరిగేదాకా అలాగే ఉంచేవాడు. మొదట్లో జనం జాలిపడ్డారు, తర్వాత పిచ్చివాడన్నారు, ఆ తర్వాత అలవాటుపడ్డారు. సంజమ్మ రోజూ ఇంత సంగటి తెచ్చి పెట్టి, ఒకనాడు ఉండబట్టలేక, తలుపు తీయనందుకు ఎవరూ నిన్ను తప్పుపట్టరు, ఆ స్థానంలో ఎవరున్నా అంతే చేసేవారు అని ఓదార్చింది. తిప్పన్న సంగటిని పక్కన పెట్టాడు.

"తలుపు తియ్యకపోతే పోనీ సంజక్కా. చెయ్యన్నా పట్టుకోవచ్చుగదా" అన్నాడు.

సంజమ్మ ఆ సంగటిని మళ్లీ అతని ముందుకు జరిపింది.

అతని కడపటి సంవత్సరంలో మహాక్షామం వచ్చింది. చెలమ కూడా ఇంకిపోయి, పశువులు తలలు వాల్చేసిన వైశాఖంలో, ఒక మిట్టమధ్యాహ్నం పిచ్చుకలు గుంపుగా వచ్చి దిడ్డి పక్క గుండుమీద వాలడం జనం చూశారు. దగ్గరికి వెళ్లి చూస్తే, మారెక్క తడిచెయ్యి ఆనిన చోట, కన్నం అంచు చుట్టూ రాయి చెమర్చి ఉంది. తుడిస్తే మళ్లీ చెమర్చింది. ఇరవై రెండేళ్లుగా ఆ తడి ఆరలేదని తిప్పన్నకు మాత్రమే తెలుసు, అతను ఎవరికీ చెప్పలేదు. జనం కొబ్బరికాయలు కొట్టారు, పసుపు పూశారు, మారెక్క దిడ్డమ్మ అయి వెలసిందని సాగిలపడ్డారు. తిప్పన్న వాళ్లకు అడ్డంపడి, నా బిడ్డను దేవతను చేయొద్దనీ, దేవతైతే ఇక ఇంటికి రాదనీ బతిమాలాడు. ముసలివాడి మాట ఎవరూ వినిపించుకోలేదు. క్షామంలో ఉన్నవాళ్లకు దేవత కావాలి, వాళ్లనూ తప్పుపట్టలేం. నెల తిరగకుండానే అతను కన్నంలో చెయ్యి పెట్టుకునే ప్రాణం విడిచాడు. ఆ చేతిని బయటికి తీయడానికి నలుగురు పట్టవలసి వచ్చింది.

ఇప్పుడు తుమ్మెదరాయిలో పెద్దవాకిలి లేదు. దాని రాళ్లు రోడ్డుకు పోయాయి, ఇనుపగుబ్బలు ఎటు పోయాయో ఆ దేవుడికే తెలియాలి. కొమ్మున ఉన్న బండకు ఆ మధ్యాహ్నం లేచిపోయిన తేనెటీగలు మళ్లీ రాలేదు, పేరు మాత్రం ఉంది. దిడ్డి చెక్కుచెదరలేదు. అదే గుడి. విగ్రహం లేదు, తలుపు లేదు, తలుపు చేయిస్తామని వచ్చిన దాతలను పూజారులు మర్యాదగా వెనక్కి పంపుతారు. కన్నం అంచున తడి నేటికీ చూడవచ్చు. రాతిలో ఏదో ఊట ఉందని చదువుకున్నవాళ్లు అంటారు, ఉండవచ్చు.

దిడ్డి అనే మాట చాలా ఊళ్లలో కోటలతోపాటే పోయింది. ఈ చుట్టుపక్కల ఎనిమిది ఊళ్లలో మాత్రం పోలేదు. బియ్యంమిల్లు పెద్ద ఇనుపగేటులో ఉన్న చిన్నతలుపు దిడ్డి, కాలేజీ గేటు పక్క సందు దిడ్డి, అపార్టుమెంటు వాచ్‌మన్ తీసే తలుపూ దిడ్డే. బస్టాండులో టికెట్టు ఇచ్చే కిటికీలోని రంధ్రాన్నీ, మందుల షాపువాడు చిల్లర తోసే రంధ్రాన్నీ దిడ్డికన్నం అంటారు. పొరుగుజిల్లా నుంచి వచ్చిన అధికారి ఒకాయన ఆసుపత్రి గేటు దిడ్డికి తాళం వేయిస్తే తెల్లారేసరికి తాళం లేదు, వేయించిన ప్రతిసారీ అంతే అయింది, ఆయనే విసిగి మానేశాడు. కష్టంలో ఉండి వచ్చినవాణ్ని రుజువు అడిగితే, "కడవ అడగొద్దు" అని పెద్దవాళ్లు గదమాయిస్తారు. పిల్లలు కూడా ఆ మాట వాడతారు, ఎందుకో తెలియకుండానే.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం అక్కడ ఉత్సవం జరుగుతుంది. బాజాలు ఉండవు. ఆ ఊళ్ల ఆడపడుచులు చెలమ దాకా దిగి, కడవలు లేకుండా వట్టిచేతులతో ఎక్కి వచ్చి, ఒకరి తర్వాత ఒకరు కన్నంలో చెయ్యి పెడతారు. లోపల తిప్పన్న తమ్ముడి వంశీకుడైన పూజారి, ఎవరని అడగకుండా, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని "రామ్మా" అంటాడు. అప్పుడు ఆమె తలుపు లేని దిడ్డి గుండా వంగి లోపలికి వస్తుంది. ముసలివాళ్లూ, పసిపిల్లలను చంకనెత్తుకున్నవాళ్లూ, ఆ ఏడే అత్తవారింటికి పోయి వచ్చినవాళ్లూ, అందరూ వస్తారు. ఇతర స్థలాల మాహాత్మ్యాలు విన్నవారికి పుణ్యమనీ, చదివినవారికి సంతానమనీ చెబుతారు. ఈ కథకు ఫలశ్రుతి చెప్పే ధైర్యం మాకు లేదు. చివరి ఆడమనిషి లోపలికి వచ్చిన తర్వాత జరిగేది ఒక్కటి చెప్పి ముగిస్తాము. పూజారి తన చేతిని కన్నంలోనుంచి బయటికి చాచి, నీడ తిరిగేదాకా అలాగే ఉంచుతాడు. లోపల అందరూ నిలబడే ఉంటారు. నీడ తిరుగుతుంది. ఆయన చెయ్యి లోపలికి తీసుకుని, తడిసిన మణికట్టును కండువాతో తుడుచుకుని, ఇక ఇళ్లకు పొమ్మంటాడు.